మెడ కనబడేదాకా దండ దించొద్దు

ఆఫీసులకు పూలు పంపే పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను ముందుగా అడిగేది, ఏ పువ్వు ఎన్ని రోజులు వాడకుండా ఉంటుందని. చెబుతాను, దాచను. కానీ అది రెండో ప్రశ్న. మొదట అడగవలసింది వేరే ఉంది: ఈ పువ్వు ఈ సాయంత్రం అయిదింటికి ఎక్కడ ఉంటుంది?

బెంగళూరులో ఇరవై ఆరేళ్ళు ఈ పని చేశాను. ఒక కంపెనీ తన క్లయింటుకు పూలు పంపాలనుకుంటే ఏ పూలు, ఏ రోజు, ఎవరి చేతికి అన్నది తేల్చి, కట్టి, చేర్చడం నా పని. కిందటి ఉగాదికి మహదేవపురలోని దుకాణం ఎల్లమ్మకు అప్పగించి పక్కకు తప్పుకున్నాను. ఏ కంపెనీకి ఎన్ని పంపానో, ఎన్ని గంటలకు చేరాయో అంతా పద్దెనిమిది నోటుపుస్తకాల్లో తారీఖులతో సహా ఉంది. దుకాణం అటక మీద ఉన్నాయి, కావలసినవాళ్ళు దించుకుని చూడవచ్చు. ఆ పుస్తకాల్లో లేనివి ఇక్కడ రాస్తున్నాను.

నలభై మూడు బొకేలు

పూల పనికి ముందు పదకొండేళ్ళు ఒక కంపెనీలో రిసెప్షనిస్టుగా ఉన్నాను. పూలు పంపేవాళ్ళు చాలామంది ఉంటారు. అవి దిగిన తర్వాత ఏమవుతాయో చూసేది రిసెప్షనిస్టు ఒక్కతే. నాకు తెలిసిన దాంట్లో సగం ఆ బల్ల వెనక కూర్చునే నేర్చుకున్నాను.

మా అడ్మిన్ ఆఫీసరు గౌడ సార్ మండ్య వైపు మనిషి. పెద్దగా మాట్లాడేవారు కాదు, అన్నీ చూసేవారు. ఒక కొత్త సంవత్సరం మొదటి పనిరోజున నా బల్ల దగ్గర ఆగి, కన్నడంలో అడిగారు, "గిరిజా, ఎన్ని వచ్చాయి?"

"నలభై మూడు సార్."

"సాయంత్రం మళ్ళీ లెక్కపెట్టు. ఎక్కడెక్కడ ఉన్నాయో కూడా రాయి."

అయిదింటికి అంతస్తులన్నీ తిరిగి రాశాను. ముప్పై ఒకటి చుట్టిన ప్లాస్టిక్ కాగితం విప్పకుండానే బీరువాల మీద, ప్రింటర్ల పక్కన ఉన్నాయి. తొమ్మిది చెత్తడబ్బాల్లో ఉన్నాయి. మూడింటిని మాత్రం ఎవరో ఇంటికి తీసుకెళ్ళడానికి తమ సంచుల పక్కన పెట్టుకున్నారు. ఆ మూడింటికీ చేత్తో రాసిన చీటీ ఉంది. తక్కినవాటికి అచ్చువేసిన కార్డు.

కాగితం గౌడ సార్‌కి ఇచ్చాను. చదివి, "పంపినవాళ్ళలో ఒక్కరి పేరు చెప్పు, చూడకుండా" అన్నారు.

చెప్పలేకపోయాను.

"నాకూ తెలియదు. మనం కూడా ఈ రోజు అరవై పంపించాం. అక్కడ ఇంకో గిరిజ ఇట్లాగే లెక్కపెడుతూ ఉంటుంది."

మరుసటి ఏడు ఆ పని నాకే వదిలేశారు. కొత్త సంవత్సరానికి ఒక్క పువ్వు కూడా పంపలేదు. సేల్స్ వాళ్ళను పట్టుకుని ఒక్కో క్లయింటుకూ తనదైన రోజు ఏదో కనుక్కున్నాను. వాళ్ళ ఫ్యాక్టరీలో మొదటి యంత్రం తిరిగిన రోజు, కొత్త కట్టడంలోకి మారిన రోజు, ముప్పై ఏళ్ళు పనిచేసిన స్టోర్ కీపరు ఆఖరి రోజు. నా మొదటి నోటుపుస్తకం అదే. ఆ స్టోర్ కీపరు తనకు పూలు వచ్చాయని ఫోన్ చేసి, ఎవరితో మాట్లాడాలో తెలియక రిసెప్షనిస్టుతోనే పావుగంట మాట్లాడాడు. ఆ పావుగంటలోనే నేను ఉద్యోగం మానేసి పూల దుకాణం పెట్టాలని నిశ్చయించుకున్నాను.

రిబ్బను బదులు

ఎల్లమ్మ ఆ ఆఫీసులోనే ఊడ్చి తుడిచే పనిలో ఉండేది. రాయచోటి దగ్గరి పల్లె. లెక్కపెట్టిన ఆ సాయంత్రం చెత్తడబ్బాలు ఖాళీ చేస్తోంటే, "మంచిది ఒకటి ఏరుకుని పట్టుకుపో ఎల్లమ్మా" అన్నాను.

ఆమె ఒక జెర్బెరాను తీసి చెవి పక్కన పెట్టుకుని చూపించింది. "దీన్ని యాడ పెట్టుకోవల్లమ్మా? పొద్దుతిరుగుడు చేను నడిచొచ్చినట్ల ఉంటా. బస్సులో కండక్టరు నాకొగ టికెట్టు, దీనికొగ టికెట్టు కొడతాడు."

ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత ఆలోచించాను. ఈ ఊళ్ళో ఆడవాళ్ళకు పువ్వంటే తల్లో పెట్టుకునేది. బల్ల మీద పెట్టుకుని దూరం నుంచి చూసేది కాదు. అందుకని దుకాణం పెట్టాక బొకే కాడలకు రిబ్బను చుట్టడం మానేశాం. దాని బదులు మూరెడు మల్లెలో, కనకాంబరాలో కట్టి చుట్టేవాళ్ళం. ఎల్లమ్మ ఉద్యోగం మానుకుని నా దగ్గరకు వచ్చి కట్టేది. బొకే వచ్చిన ఆఫీసులో ఎవరో ఒకరు ఆ మూర విప్పాలి, తుంచాలి, పంచుకోవాలి. పంచుకునేటప్పుడు ఇది ఎవరు పంపారన్న మాట తప్పకుండా వస్తుంది. నాకు కావలసింది ఆ మాటే.

ఒక మార్కెటింగ్ మేనేజరు మాత్రం, "ఇదేంటి మేడమ్, బొకేకి గుడి వాసన వస్తోంది, రిబ్బన్ వెయ్యండి" అన్నాడు. వేశాను. రెండో నెల ఆయనే ఫోన్ చేశాడు. ఆయన పూలు పంపే ఆఫీసులో రిసెప్షన్ అమ్మాయి, "సార్, ఈసారి మల్లెపూలు ఎందుకు రాలేదు?" అని అడిగిందట. మల్లెలు వెళ్ళకముందు ఆ అమ్మాయి ఆయన ఫోను ఒక్కసారి కూడా వెంటనే కలపలేదట.

అడగడానికి ముందు పంపొద్దు

ఈ పనిలో ఒక విషయం నిర్మొహమాటంగా చెప్పాలి. ఆర్డరు తేలబోయే వారంలో పంపే పూలు పూలు కావు, లంచం. పుచ్చుకున్నవాళ్ళకూ తెలుసు, అందుకే తిప్పి పంపుతారు. అలాంటివి నేను కట్టలేదని గొప్ప చెప్పుకోను. మొదటి మూడేళ్ళు కట్టాను. తర్వాత మానుకున్నాను.

ఒక వైరింగ్ కాంట్రాక్టరు పెద్ద పని పోగొట్టుకుని నా దగ్గరకు వచ్చాడు. పని వేరేవాళ్ళకు ఇచ్చిన ఇంజినీరుకే పూలు పంపాలన్నాడు. ఎందుకని అడిగితే, "ఆయన నా కొటేషన్ పూర్తిగా చదివినాడక్కా. ఇన్నేండ్లలో ఎవురూ చదవలేదు" అన్నాడు. నేను కట్టిన వాటిలో అంత సంతోషంగా కట్టినవి చాలా తక్కువ. మరుసటి ఏడు ఆ ఇంజినీరే అతన్ని పిలిపించాడు. పిలిపించకపోయినా ఆ పూలు సరైనవే.

రంగయ్య శెట్టి గారి దండ

ఇక నా తప్పు సంగతి. ఇది జరిగి మూడేళ్ళయింది.

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో సింధు అనే అమ్మాయి చిన్న కంపెనీ నడిపేది. కదిరి నుంచి వచ్చిన పిల్ల. తనతో కలిపి పద్నాలుగు మంది. బట్టల దుకాణాల్లో ఏ చీర ఎక్కడ ఉంది, ఎన్నాళ్ళుగా అమ్ముడు పోకుండా ఉందో చూపించే సాఫ్ట్‌వేర్ వాళ్ళది. వాళ్ళకు చెప్పుకోదగ్గ క్లయింటు ఒక్కరే, చిక్కపేటలో పట్టుచీరల టోకు వ్యాపారం చేసే రంగయ్య శెట్టి గారు. నాలుగు తరాలుగా బెంగళూరులో ఉంటున్న తెలుగువాళ్ళు.

సింధు నా దగ్గరకు వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. "ఆంటీ, మంగళవారం శెట్టి గారు మా ఆఫీసుకే వస్తున్నారు. రిన్యూవల్ మాట్లాడటానికి. ఆయన సైన్ చెయ్యకపోతే నెలాఖరుకి ఆఫీస్ క్లోజ్ చెయ్యాలి. టీమ్‌కి ఇంకా చెప్పలేదు."

"సంతకం వారంలో పూలు పంపను నేను" అన్నాను.

"గిఫ్ట్ కాదు ఆంటీ, వెల్‌కమ్. ఆయనకి మూడు వారాల క్రితం హార్ట్ సర్జరీ అయింది. ఫస్ట్ టైమ్ బయటికి వస్తున్నారు. చీర కొనడానికి వచ్చే ప్రతి ఒక్కరికీ మర్యాదలు చేసే మనిషి, ఆయనకి మనం చెయ్యొద్దా?"

జబ్బు నుంచి లేచి వచ్చే మనిషికి దండ వెయ్యడం తప్పు కాదనిపించింది. ఒప్పుకున్నాను. గులాబీలు, మధ్యమధ్య సుగంధరాజ. మన వైపు లిల్లీపూలంటారే, అవి. చేతి మణికట్టంత మందం. ఎల్లమ్మ తెల్లారి లేచి కట్టింది. చీటీలో నేనే రాశాను: దండ ఒకటి, రంగయ్య శెట్టి గారికి, మంగళవారం, పదిన్నర.

మా వ్యాను నడిపేది మునిరాజు. యాభై దాటినవాడు, నా దగ్గర పంతొమ్మిదేళ్ళుగా ఉన్నాడు, ఒక్క రేకు నలగకుండా చేరుస్తాడు. అతను ముందు వెళ్ళాడు. ముఖ్యమైన వాటికి నేనూ వెళ్ళేదాన్ని కాబట్టి ఆటోలో బయల్దేరాను. సిల్క్ బోర్డు దగ్గర నలభై నిమిషాలు కదల్లేదు. పదకొండూ పన్నెండుకి ఆ కట్టడం చేరాను.

లిఫ్టులో నాకు తోడు ఇద్దరు ఎక్కారు. సన్నగా, తెల్లటి పంచెలో ఒక పెద్దాయన. ఆయన మోచెయ్యి గట్టిగా పట్టుకుని, పట్టుచీరలో ఒకామె.

"నాలుగో అంతస్తు కదా? డాక్టరు మెట్లెక్కొద్దన్యాడు" అన్నాడాయన.

"మాట్లాడొద్దని కూడా చెప్పినాడు. అది మాత్రం చెవిన పడలేదు మీకు" అంది ఆమె.

నాకు అర్థమైంది, వీళ్ళే వాళ్ళని. నమస్కారం పెట్టబోయాను. లిఫ్టు తలుపు తెరుచుకుంది.

ఎదురుగా ముక్కాలిపీట మీద, చెక్క ఫ్రేములో బిగించిన శెట్టి గారి పెద్ద ఫోటో. స్వాగతం చెప్పడానికి పిల్లలు అచ్చు వేయించారు. రంగుల్లో కన్నా బాగుంటుందని ఎవరో దాన్ని నలుపు తెలుపు చేశారు. దాని ముందర, ఆయన చేత వెలిగిద్దామని ఇత్తడి దీపం. ఆ ఫోటోకి, ఇటు నుంచి అటు దాకా, మేము కట్టిన దండ. పక్కనే మునిరాజు చేతులు కట్టుకుని, పని బాగా చేసిన మనిషిలా నిలబడి ఉన్నాడు. పద్నాలుగు మందీ చప్పట్లు కొట్టారు.

శెట్టి గారు కళ్ళజోడు లేకుండా చూసి, నెమ్మదిగా అడిగారు. "ఎవురప్పా పోయింది?"

చప్పట్లు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి.

ఆయన భార్య సుబ్బమ్మ గారు నాలుగడుగులు ముందుకు వేసి ఫోటో చూసింది. ఆమె చెయ్యి మెడలోని తాళి మీదకు వెళ్ళింది. సింధు వైపు తిరిగి, గొంతు పెంచకుండా అంది. "మూడు వారాల కింద చావు నోట్లోంచి పెరుక్కోని తెచ్చుకుంటి ఈ మనిషిని. మీరు పటం కట్టి, దండేసి, దీపం కూడా పెట్టినారా?"

"మేడమ్, అది... వెల్‌కమ్..." అంది సింధు.

"పదండి ఇంటికి" అంది ఆమె భర్తతో. లిఫ్టు ఇంకా అక్కడే ఉంది. ఎక్కి వెళ్ళిపోయారు. శెట్టి గారు ఒకసారి వెనక్కి తిరిగి ఫోటో వైపు చూశారు. ఆ చూపులో కోపం కనిపించలేదు. కానీ వాళ్ళ దుకాణంలో ఆమె మాట లేకుండా ఒక్క కాగితం మీద సంతకం పడదని సింధు నాకు ముందే చెప్పి ఉంది.

చీటీలో రాయనిది

మునిరాజుని మెట్ల దగ్గరకు పిలిచాను. అప్పటికి అతనికీ అర్థమై, ముఖం పాలిపోయింది.

"పటానికి ఎందుకు వేస్తివి మునిరాజూ?"

"ఆయప్ప ఇంకా రాలేదమ్మా. దండ నేల మీద పెట్టొచ్చునా? కుర్చీల నిండా పిల్లోళ్ళు కూర్చోనుండారు. మేజా మీద చూస్తే తిన్న టిఫిన్ డబ్బాలు. ఆ పటం ఒగటే చొక్కటంగా ఉండె. దండ ఆయప్పదే, పటం ఆయప్పదే."

అతన్ని తిట్టడానికి నోరు రాలేదు. దండను నేల మీద పెట్టకూడదు, ఎంగిలి తగిలేచోట పెట్టకూడదు అని పంతొమ్మిదేళ్ళుగా అతనికి నూరిపోసింది నేనే. ఎవరి మెడ కోసమో చీటీలో రాశాను. ఆ మెడ వచ్చేదాకా దండ ఎక్కడ ఉండాలో రాయలేదు. ఇరవైమూడేళ్ళ పనిలో అది ఒక్కసారీ నాకు తట్టలేదు. తప్పు నాది. నోటుపుస్తకంలో ఆ రోజు పక్కన అదే రాసుకున్నాను.

సింధు కళ్ళు తుడుచుకుని ఫోన్ తీసింది. "సారీ బొకే పంపుదాం ఆంటీ. పెద్దది. ఆర్కిడ్స్. ఈరోజే."

"పంపొద్దు. ఆమెకిప్పుడు పూలు చూస్తేనే ఆ పటం కనబడుతుంది. ఇంకెవరో కట్టిన పూలు ఇంకెవరో మోసుకొస్తే గడప కూడా దాటనివ్వదు. రేప్పొద్దున నాతో చిక్కపేటకు రా. బొకే లేదు, కార్డు లేదు, ల్యాప్‌టాప్ కూడా వద్దు."

"మరి ఏం తీసుకెళ్దాం?"

"చేతులు" అన్నాను.

ఆ వయసు పిల్లలు ఇలాంటి మాటలకు తల ఊపుతారు గానీ నమ్మరు. వచ్చింది మాత్రం వచ్చింది.

చిక్కపేటలో విడిపూలు

మెట్రో దిగి, మూటల బండ్ల మధ్య దారి చేసుకుంటూ పదిన్నరకు దుకాణం చేరాం. నా చేతిలో తడిగుడ్డ కప్పిన వెదురుబుట్ట. లోపల విడి గులాబీలు, సుగంధరాజ, కొంచెం మరువం, అరటినార.

తెల్లటి పరుపు మీద చీరలు పరిచి ఉన్నాయి. గల్లాపెట్టె దగ్గర సుబ్బమ్మ గారు ఒక్కతే కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేవలేదు.

"నువ్వేనా నిన్న లిఫ్టులో వచ్చింది?"

"నేనేనమ్మా. దండ పంపింది కూడా నేనే. పిల్లల తప్పు లేదు. చీటీలో సగమే రాసినాను."

మునిరాజు దండను నేల మీద పెట్టలేక పటానికి తగిలించిన సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె పూర్తిగా వింది. "నేల మీద పెట్టలేదంటే మంచోడే" అంది చివరికి. కానీ ముఖం మెత్తబడలేదు. "ఇప్పుడా బుట్టలో ఏముండాది?"

"విడిపూలమ్మా. కట్టి తేలేదు. ఎవరికి కట్టాలో మీరు చెప్తే ఇక్కడే కూర్చోని కడతాను. వద్దంటే మోసుకోని పోతాను."

ఆమె వద్దనలేదు. నేను పరుపు చివర కూర్చుని నార తీశాను. సింధు పక్కన కూర్చుని పూలు జతలు చేసి అందిస్తోంది. జతలో ఒకటి తలకిందులుగా, ఇంకొకటి పక్కకు తిరిగి. ఆరో జతకు సుబ్బమ్మ గారు ఉండబట్టలేకపోయింది.

"ఏ ఊరు పాపా మీది?"

"కదిరి మేడమ్."

"కదిరా! మల్లెలకు పేరుపోయిన ఊర్లో పుట్టి పూలు కట్టేది రాదా నీకు? ఏం చదివినావు?"

"కంప్యూటర్ ఇంజినీరింగ్."

"అంత చదివినావు, ఒగ ముడి రాదా. జరుగు."

గల్లాపెట్టెకు తాళం వేసి వచ్చి మా మధ్య కూర్చుంది. ఆమె రెండు వేళ్ళ మధ్య నార తిరుగుతోంటే చూడాలి. నేను ఒక జత కట్టేలోపల రెండు కట్టేది. సింధు వేళ్ళు పట్టుకుని, "బిగించాకు, పువ్వుకి గొంతు నొక్కినట్లయితాది. ఊరికే పట్టుకోవల్ల" అని నేర్పింది. ముగ్గురం అలా కడుతూ ఉండగా ఆమే మాట తీసింది. ఆసుపత్రిలో గుండె వార్డు తలుపు దగ్గర నర్సు తల్లోని పూలు తీసి బయట పెట్టమందట. లోపలికి పూలు రానివ్వరట. తీసి కిటికీ మీద పెట్టిందట. "మళ్ళ పెట్టుకునే యోచనే రాలేదు. ఆ పొద్దునించి పువ్వు ముట్టలేదు. నిన్న మొదటిసారి చూసింది మీ దండనే."

నేను ఇంకో పువ్వు అందించాను.

అప్పుడే లోపలి గదిలోంచి శెట్టి గారు నిదానంగా వచ్చారు. "ఈ పొద్దు కూడా పటానికేనా?" అన్నారు.

సింధు చేతిలోని పువ్వు జారిపడింది. "ఊరికే ఉండండి" అంది భార్య.

"లేదే, నిన్నటి దండ బలే మందంగా ఉండె. నేను పోయినాక మన పిల్లోళ్ళు అంత మందంది వేస్తారో, ఎగనామం పెడతారో. కండ్లారా చూసుకుంటిని, ఇంక చింత లేదు."

సుబ్బమ్మ గారు ఆయన మీదకు ఒక గులాబీ విసిరింది. విసిరి, తనే నవ్వడం మొదలుపెట్టింది. ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఎదురు దుకాణం వాళ్ళు వచ్చి తొంగి చూశారు.

శెట్టి గారు పరుపు మీద కూర్చుని అసలు సంగతి చెప్పారు. ఇంకో ఏడు వారాల్లో ఆయనకు డెబ్బై నిండుతాయి. డెబ్బైకి భీమరథ శాంతి చేసి, మళ్ళీ పెళ్ళిలాగా భార్యాభర్తలు దండలు మార్చుకోవడం వాళ్ళింటి ఆచారం. ఆపరేషన్ అయ్యాక ఆమె వద్దంది. దండలు, మంగళవాయిద్యాలు, వచ్చేవాళ్ళ దిష్టి, అన్నిటికీ భయపడింది.

ఆమె ఒడిలో ఉన్న దండను కొలిచి చూసుకుంది. ఇంకా మూరెడు కూడా కాలేదు. "గిరిజమ్మా" అంది నాతో, మొదటిసారి పేరు పెట్టి, "ఇది ఈ పొద్దు దేవునికి వేస్తా. ఆ నాటికి రెండు కట్టిచ్చు. రెండూ సరిసమానంగా ఉండల్ల. ఆయనది మందం, నాది సన్నం కాకూడదు."

తర్వాత బుట్ట అడుగున మిగిలిన మరువంతో రెండు గులాబీలు చేర్చి చిన్న ముడి వేసి, సింధుకి వీపు తిప్పి కూర్చుంది. "పెట్టు పాపా. అదైనా వచ్చునా?"

సింధు పెట్టింది. వంకరగా పెట్టింది. ఆమె సరిచేసుకోలేదు.

పని సంగతి శెట్టి గారు సోమవారం మాట్లాడారు. సంతకం పెట్టారు, తమ్ముళ్ళ దుకాణాలు నాలుగింటికి కూడా. పెట్టేటప్పుడు సింధుతో అన్న మాట ఈ పనిలోకి వచ్చేవాళ్ళు రాసి పెట్టుకోవాలి. "పూలకు కాదు పాపా. ఎనిమిదేండ్లుగా మూలన పడిండే చీరలు మీ కంప్యూటరు చూపించె, అందుకు. పూలు మా ఇంటామెకు. రెండూ కలపొద్దు."

నేను ఇరవై ఆరేళ్ళలో ఇంత సూటిగా ఎవరికీ చెప్పలేకపోయాను. పూలు వ్యాపారం తెచ్చిపెట్టవు. మంచి పని చేసే మనిషి ఎదుటి మనిషిని కూడా చూశాడని చెబుతాయి, అంతే. చూడకుండా పంపితే అది కూడా చెప్పేస్తాయి.

రెండు దండలు

ఆ వారంలోనే వడ్రంగి చేత ఒక స్టాండు చేయించాను. నిలువు కర్ర, పైన అడ్డంగా భుజాల్లాంటి పట్టీ. దండతో పాటు అదీ వెళ్ళాలి, ఎవరి చేత్తో ఎవరి మెడలో వెయ్యాలో, అప్పటిదాకా దండ ఎక్కడ ఉండాలో చీటీలో రాయాలి. ఇప్పటికీ మా దుకాణంలో అదే పద్ధతి.

భీమరథ శాంతి ఒక ఆదివారం, వాళ్ళ వీధి చివర చిన్న కల్యాణ మంటపంలో జరిగింది. నాతో పాటు ఎల్లమ్మనూ, మునిరాజునూ పేరు పేరునా పిలిచారు. సింధు బృందం పద్నాలుగు మందీ వచ్చారు. ఫోటో ఎవరూ తేలేదు. దండలు రెండూ సరిసమానంగా, ఒక్కోదానికి నూట డెబ్బై రెండు గులాబీలు. నేనే లెక్కపెట్టాను.

తొమ్మిదింటికి చేరాం. దండల ముహూర్తం పదీ పదికి. స్టాండు తెచ్చి ఒక పక్కన నిలబెట్టాను. మునిరాజు దాన్ని అటూ ఇటూ చూసి తల అడ్డంగా ఊపాడు.

"వద్దమ్మా. దూరాన్నించి చూస్తే ఇది కూడా మనిషి లేని చొక్కా మాదిరి ఉండాది."

కుడిచేతి మీద ఒక దండ, ఎడమచేతి మీద ఒక దండ వేసుకుని, చేతులు ముందుకు చాపి స్తంభం పక్కన నిలబడ్డాడు. కాఫీ ఇస్తే వద్దన్నాడు. ఎల్లమ్మ పోయి, "ఒగటి నాకియ్యప్పా, పట్టుకుంటా" అంటే వినలేదు. పిల్లలు వచ్చి అతనితో సెల్ఫీలు తీసుకున్నారు. కదల్లేదు. సుబ్బమ్మ గారు పీటల మీద నుంచే చూసి, "చేతులు నొయ్యలేదా ఏమప్పా?" అని కేకేసింది.

"మెడ కనబడేదాకా దించేది లేదమ్మా" అన్నాడు.

ఒక గంటా పది నిమిషాలు. గడియారం చూసుకున్నాను.

పురోహితుడు దండలు తెమ్మన్నాడు. మునిరాజు అడుగు వెయ్యబోయాడు, అంతసేపు నిలబడ్డ కాళ్ళు తిమ్మిరెక్కి కదల్లేదు. అది చూసి శెట్టి గారే పీట మీద నుంచి లేచారు. భార్య మోచెయ్యి పట్టుకోబోతే, అక్కర్లేదని ఒక్కరే నడుచుకుంటూ స్తంభం దాకా వచ్చి, అతని ముందు తల వంచారు.

"మునిరాజూ, మెడ వచ్చిండాది. ఇంక దించప్పా."